పెంచలకోనలో రాత్రి బస, తెల్లవారి వాగు నడక: మొదటి నుంచి చివరి దాకా

నెల్లూరు నుంచి రాపూరు మీదుగా వెళ్లే పెంచలకోనలో నరసింహ స్వామి దర్శనం చేసుకొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. గుడి వెనక కొండల్లోకి, వాగు వెంట జలపాతం వైపు నడవాలంటే ఎలా అని మాత్రం పదే పదే అడుగుతున్నారు. గది ఎక్కడ, ఎన్నింటికి బయలుదేరాలి, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా, వానాకాలంలో వెళ్లొచ్చా అనే ప్రశ్నలన్నిటికీ ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. ఈ నడక కోసం రాత్రి అక్కడే ఉండాలి. నెల్లూరు నుంచి పొద్దున బండి మీద బయలుదేరితే టిఫిన్, దర్శనం, ఫొటోలు అయ్యేసరికి పదకొండు దాటుతుంది. ఆ టైమ్‌లో వాగులోకి దిగినవాళ్లకే ఎండదెబ్బ, దారి తప్పడం, చీకటి పడటం లాంటి ఇబ్బందులు వస్తాయి. కొండ కిందే పడుకుని తెల్లవారి లేస్తే సగం ప్రమాదాలు దగ్గరికి రావు.

1. ఏ నెలలో వెళ్లాలి

నెల్లూరు జిల్లాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. హైదరాబాద్ వాళ్ల లెక్కతో ఆగస్టులో జలపాతం చూద్దామని వస్తే నిరాశ తప్పదు.

- డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా: అన్నిటికంటే మంచి కాలం. తుఫాన్లు తగ్గుతాయి, వాగులో నీళ్లుంటాయి, ఎండ తట్టుకోగలం.
- అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి వారాలు: నీళ్లు బాగా ఉంటాయి, ప్రమాదమూ అంతే. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వస్తే ప్రయాణం మానుకోండి. 2021 నవంబరులో ఈ కొండలకు అవతల చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఇవతల పెన్నా ఊళ్లను ముంచింది. అలాంటి వానలో ఇరుకైన కోన లోపల ఉన్నవాడికి పక్కకు తప్పుకునే చోటే దొరకదు.
- మార్చి నుంచి మే: బండలు కాలిపోతాయి, గుండాల్లో నిలవ నీళ్లే మిగులుతాయి. వైశాఖంలో బ్రహ్మోత్సవాలు, నృసింహ జయంతి రద్దీ. దర్శనానికి రండి, నడకకు వద్దు.
- జూన్ నుంచి సెప్టెంబరు: మధ్యాహ్నం దాటాక ఉరుములు, పిడుగులు పడే రోజులుంటాయి. వెళితే పొద్దున్నే ముగించుకుని రావాలి.

వారంలో శనివారం రద్దీ ఎక్కువ. వీలైతే సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి.

2. గది తీసుకునేటప్పుడు ఏం అడగాలి

కోనలో దేవస్థానం గదులు, సత్రాలు ఉన్నాయి. పెద్ద హోటల్ సౌకర్యాలు ఆశించకండి. పడుకోవడానికి శుభ్రమైన చోటు, స్నానానికి నీళ్లు ఉంటే ఈ పనికి చాలు. ముఖ్యమైన ప్రశ్న అద్దె గురించి కాదు, ఖాళీ చేసే టైమ్ గురించి.

గది తీసుకున్న టైమ్ నుంచి 24 గంటలా, లేక పొద్దున ఫలానా గంటకే ఖాళీ చేయాలా అని ముందే అడగండి. పొద్దున్నే ఖాళీ చేయాలంటే సామాను ఎక్కడ పెడతారు? దీనికి జవాబు లేకుండా పడుకుంటే తెల్లవారి బ్యాగులన్నీ వీపున వేసుకుని వాగులోకి దిగాల్సి వస్తుంది. బరువు బ్యాగుతో బండల మీద నడిస్తే తూలిపడతారు. మధ్యాహ్నం రెండు దాకా గది ఉంచుకుంటామని ముందే మాట్లాడుకుని, అవసరమైతే రెండో రోజు అద్దె కూడా కట్టేయండి. ఆ డబ్బు వృథా కాదు.

అడగాల్సినవి:

- ఆధార్ ఒరిజినల్ ఒక్కరిది చాలా, అందరిదీ కావాలా
- ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇస్తారా (చాలా క్షేత్రాల్లో ఇవ్వరు, ఫోన్లోనే తేల్చుకోండి)
- కిటికీలకు జాలీ ఉందా (కోతులు చెయ్యి పెట్టి కవర్లు లాగేస్తాయి)
- రాత్రి కరెంటు పోతే నీళ్లు వస్తాయా
- తెల్లవారి అయిదున్నరకు గేటు తీస్తారా

చివరి ప్రశ్న మర్చిపోయేవాళ్లే ఎక్కువ. గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో రాత్రే కనుక్కోండి.

ఇది క్షేత్రం. మాంసం, మందు గదిలోకి తేకండి. స్నేహితుల బ్యాచ్‌గా వచ్చేవాళ్లు ఈ సంగతి ఇంటి దగ్గరే అందరికీ చెప్పి బయలుదేరండి.

3. అడవిలోకి అనుమతి

గుడి పరిసరాలు దాటితే అది శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం. 1997లో ప్రకటించారు, విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్న అడవి. అంతకంటే ముఖ్యంగా ఎర్రచందనం ఉన్న అడవి.

అందుకే ఇక్కడ అనుమతి లేకుండా లోపల తిరిగేవాళ్లను అటవీ సిబ్బంది మామూలు పర్యాటకులుగా చూడరు. రాపూరులో అటవీ శాఖ ఆఫీసులో గానీ, కోనలో ఉండే సిబ్బంది దగ్గర గానీ అడగండి. ఎంత దూరం వదులుతారో, ఆ రోజు దారి తెరిచి ఉందో లేదో వాళ్లే చెబుతారు. వద్దంటే అక్కడితో ఆపేయండి. ఎవరో పరిచయం లేని కుర్రాడు "నేను వేరే దారిలో తీసుకుపోతా సార్" అంటే ఒప్పుకోకండి.

- ఎర్రటి కట్టె ముక్క అందంగా ఉందని చేతిలోకి తీసుకోకండి. ఊతకర్ర ఇంటి నుంచే తెచ్చుకోండి. అడవిలో కొట్టిన కర్రతో తనిఖీలో కనపడితే జవాబు చెప్పుకోలేరు.
- డ్రోన్, నిప్పు, స్పీకర్ వద్దు.
- చీకటి పడ్డాక లోపల ఉండకూడదు.

4. తెచ్చుకోవాల్సినవి

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా బస్సులు ఉన్నాయి. కడప వైపు వాళ్లు రాజంపేట, చిట్వేలు మీదుగా ఘాట్ రోడ్డు దిగి రాపూరు చేరతారు. సొంత బండి అయితే పెట్రోలు, మందులు, నగదు రాపూరులోనే చూసుకోండి. కోనలో సిగ్నల్ సరిగా అందక ఫోన్‌పే పని చేయని సందర్భాలుంటాయి.

బ్యాగులో:

- మనిషికి మూడు లీటర్ల నీళ్లు (వాగు నీళ్లు తేటగా ఉన్నా కాచకుండా తాగకండి)
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక్కోటి లీటరు నీళ్లకు
- భుజం దాకా వచ్చే గట్టి కర్ర
- టార్చ్, పగలే వస్తాం అనుకున్నా సరే
- విజిల్
- తువ్వాలు, ఒక జత పొడి బట్టలు, పొడి మేజోళ్లు
- క్రేప్ బ్యాండేజీ, దూది, యాంటీసెప్టిక్, అంటుకునే టేపు
- ఫోన్ పెట్టుకోవడానికి గట్టిగా మూసుకునే కవరు
- చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఖాళీ సంచి

తిండి విషయంలో పులిహోర, వేరుశనగ ఉండలు, ఖర్జూరం మంచివి. అరటిపండ్లు వద్దు, కోతులు వాసనకే వస్తాయి. చేతిలో వేలాడే ప్లాస్టిక్ కవరు అసలే వద్దు. కోతికి అందులో ఏముందో అక్కర్లేదు, కవరు కనపడితే చాలు.

చెప్పుల గురించి గట్టిగా చెబుతున్నాను. హవాయి చెప్పులతో వాగులో నడవకూడదు. కొత్త బూట్లూ వద్దు, బొబ్బలు లేస్తాయి. నెల రోజులైనా వాడిన, అడుగున గాడులు అరిగిపోని రబ్బరు సోలు బూట్లు కావాలి. ఇంట్లో బాత్‌రూమ్ గచ్చు తడిపి, గోడ పట్టుకుని ఒక్క కాలి మీద నిలబడి చూడండి. అక్కడే జారితే బండ మీద ఖాయంగా జారతాయి.

5. ముందు రోజు సాయంత్రం

మధ్యాహ్నం మూడు లోపు చేరుకోండి. ఆ సాయంత్రమే దర్శనం పూర్తి చేయండి. తెల్లవారి దర్శనం తర్వాత నడక అని పెట్టుకుంటే క్యూ ఎంత ఉంటుందో మన చేతిలో ఉండదు.

వెలుతురు ఉండగా వాగు ఒడ్డుకు వెళ్లండి, నీళ్లలోకి దిగకుండా. ఒక రాయిని గుర్తుపెట్టుకుని నీళ్లు దాని మీద ఎంత దాకా ఉన్నాయో ఫొటో తీసుకోండి. తెల్లవారి అదే రాయిని చూస్తే రాత్రి పైన వాన పడిందో లేదో తెలిసిపోతుంది. ఈ చిన్న పని చేసేవాళ్లు చాలా తక్కువ.

తర్వాత టీ కొట్టు దగ్గర, మేకలు తోలుకొచ్చేవాళ్ల దగ్గర అడగండి: "అన్నా, పైన వాన పడిందా? వాగు ఎట్టుంది?" వాళ్లు "పోబాకండి" అంటే చర్చ పెట్టకండి. ఆ కొండ మీద మబ్బు ఎటు నుంచి కడితే వాన పడుతుందో వాళ్లకు తెలిసినట్టు ఏ యాప్‌కూ తెలియదు. అయినా మౌసం (వాతావరణం), దామిని (పిడుగుల హెచ్చరిక) యాప్‌లు కూడా చూడండి, సిగ్నల్ ఉన్నచోటే.

ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి: ఎంతమంది, ఎన్నింటికి బయలుదేరుతున్నాం, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తాం, చేయకపోతే ఎవరికి చెప్పాలి. గది ఇచ్చినవాళ్లకూ ఇదే మాట చెప్పండి.

6. వెళ్లే టైమ్, వెనక్కి తిరిగే టైమ్

"జలపాతం ఎన్ని కిలోమీటర్లు?" అని అడుగుతారు. ఆ లెక్క ఇక్కడ పనికి రాదు. రాళ్ల వాగులో బ్యాచ్‌గా నడిస్తే గంటకు కిలోమీటరు సాగడమే కష్టం. గంటలతో లెక్క వేయండి.

- 5:30 లేవడం, కొంచెం తినడం
- 6:30 పూర్తి వెలుతురు వచ్చాక మొదటి అడుగు. మసక చీకట్లో వద్దు, అది ఎలుగుబంట్లు తిరిగే వేళ.
- 9:30 ఎక్కడున్నా వెనక్కి తిరగడం
- 12:30 లోపు గదిలో

కొండలు కోనకు పడమటి వైపున ఉన్నాయి. అందుకే పొద్దున ఎండ నేరుగా లోపలికి కొడుతుంది, సాయంత్రం మాత్రం సూర్యుడు త్వరగా కొండ చాటుకు పోతాడు. డిసెంబరులో నెల్లూరులో ఇంకా ఎండ ఉన్న టైమ్‌కే కోన అడుగున నీడలు కమ్ముకుని రాళ్ల సందులు కనపడవు.

9:30 అన్నది ఎందుకంత పట్టుగా అంటే, దిగడానికి ఎక్కినంత టైమ్ పడుతుంది, ఒక్కోసారి ఎక్కువే. కాళ్లు అలిసి ఉంటాయి, మోకాళ్లు వణుకుతాయి, బండల మీద పడటాలన్నీ దిగేటప్పుడే. జలపాతం చప్పుడు వినిపిస్తోంది, ఇంకో పది నిమిషాలే అని ఎవరో ఒకరు అంటారు. కోనలో చప్పుడు గోడలకు కొట్టుకుని దగ్గరగా వినిపిస్తుంది. దాన్ని నమ్మకండి, గడియారాన్ని నమ్మండి.

బ్యాచ్ నలుగురి నుంచి ఆరుగురు. ముందు అనుభవం ఉన్నవాళ్లు, చివర ఇంకొకరు. అందరికంటే మెల్లగా నడిచేవాళ్లు రెండో స్థానంలో ఉండాలి, చివర కాదు. పదేళ్ల లోపు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు మొదట్లో చదునుగా ఉన్న చోటు దాకా వచ్చి ఆగిపోతే మంచిది. వాళ్లతో ఒక పెద్దమనిషి ఉండాలి.

7. బండల మీద అడుగు వేయడం

ఈ కొండలు వెలిగొండలు. వీటిలో ఎక్కువగా ఉండేది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. వాగు ఏళ్ల తరబడి రుద్దడంతో అద్దంలా నున్నబడుతుంది. పొడిగా ఉంటే పట్టు బాగుంటుంది. తడిసి, పైన పాచి పట్టిందంటే నిలబడటమే కష్టం.

రాయిని చూసి చెప్పొచ్చు. తెల్లగా, గరుకుగా, పొడిగా ఉన్నది మంచిది. నల్లగా మెరుస్తున్నది, ఆకుపచ్చ పొర ఉన్నది వద్దు. నీళ్ల అంచున గోధుమరంగు పట్టీ ఒకటి కనపడుతుంది. ఎండినట్టే ఉంటుంది, కానీ కింద జిగట ఉంటుంది. ఎక్కువమంది జారేది దాని మీదే.

- ముందు కర్ర, తర్వాత కాలు, ఆ తర్వాతే బరువు.
- మొత్తం పాదం ఆనాలి. మడమ మీదో, వేళ్ల మీదో దిగకండి.
- రాయి మీంచి రాయి మీదికి దూకకండి. అటువైపు రాయి కదిలితే ఆపుకోలేరు.
- నిటారుగా ఉన్న చోట ముఖం కొండ వైపు పెట్టి, నిచ్చెన దిగినట్టు దిగండి.
- మీ కాలికి కదిలిన రాయి దొర్లితే వెంటనే "రాయి!" అని అరవండి.
- ఫోన్ చూడాలంటే ఆగి చూడండి. నడుస్తూ వీడియో తీయకండి.

8. వాగు దాటడం

నీళ్లు మోకాలి లోపు ఉంటేనే దాటాలి. అడుగు కనపడకపోతే ఎంత తక్కువ లోతైనా వద్దు. ఇరుకైన చోటు దగ్గర దారిలా అనిపిస్తుంది గానీ అక్కడే వడి ఎక్కువ, లోతు ఎక్కువ. వాగు వెడల్పుగా పరుచుకున్న చోటు వెతకండి.

1. బ్యాగు నడుం పట్టీ విప్పండి. పడితే బ్యాగు వదిలేయగలగాలి.
2. బూట్లు విప్పకండి. తడిస్తే తడవనీయండి.
3. ముఖం నీళ్లు వచ్చే వైపు పెట్టి, కర్ర ముందు ఆనించి, పక్క అడుగులు వేయండి.
4. కర్ర, రెండు కాళ్లు, ఈ మూడింటిలో ఒక్కటే ఒకసారి కదలాలి.
5. ముగ్గురు నలుగురు చేతులు పెనవేసుకుని దాటితే బలమైనవాళ్లు ఎగువ వైపు ఉండాలి.

పడిపోయి వడిలో కొట్టుకుపోతుంటే లేచి నిలబడాలని చూడకండి, కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటుంది. వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువ వైపు చాపి, ఒడ్డు వైపు చేతులతో ఈదండి.

9. వాగు పొంగే ముందు కనపడే గుర్తులు

మీ నెత్తిన ఎండ ఉండగానే వాగు పొంగొచ్చు. వాన పడేది పైన, మీకు కనపడని చోట. ఈ గుర్తుల్లో ఒక్కటి కనపడినా ఫొటో కోసం కూడా ఆగకండి:

- తేట నీళ్లు టీ రంగులోకి మారడం
- ఎండుటాకులు, పుల్లలు, నురుగు ఒక్కసారిగా ఎక్కువగా రావడం
- గుర్తుపెట్టుకున్న రాయి మునగడం
- ఎగువ నుంచి చల్లటి గాలి, దానితో పాటు లారీ వస్తున్నట్టు మోత

అప్పుడు వాగు వెంట కిందికి పరుగెత్తకూడదు, నీళ్లు మీకంటే వేగంగా వస్తాయి. దగ్గరున్న ఒడ్డు మీదుగా పైకి ఎక్కండి. పాత వరదకు చెట్ల కొమ్మలకు చిక్కుకున్న చెత్త కనపడుతుంది, దానికంటే ఎత్తుకు చేరాలి.

అవతలి ఒడ్డున చిక్కుకుంటే కూర్చోండి. ఇలాంటి చిన్న కొండవాగులు వాన ఆగాక చాలావరకు కొన్ని గంటల్లో తగ్గుతాయి. ఆకలితో, తడి బట్టలతో నాలుగు గంటలు కూర్చోవడం కష్టమే, కానీ బతికి ఉంటారు. మూడు విజిళ్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ మూడు. సిగ్నల్ ఉంటే 112.

10. గుండాల దగ్గర

నా దృష్టిలో ఈ నడకలో అన్నిటికంటే ప్రమాదకరమైనది చిరుతా కాదు, పామూ కాదు, నిలకడగా కనపడే నీటి గుండం. జలపాతం కింద నీళ్లు రాయిని తొలిచి లోతు చేస్తాయి. అంచు నున్నగా వాలి ఉంటుంది, ఒక్క అడుగుకే నడుం లోతు నుంచి నిలువు లోతుకు పోతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా చల్లటి నీళ్లకు ఒక్కసారిగా ఊపిరి బిగుసుకుని, బయటికి రావడానికి పట్టు దొరక్క మునుగుతారు.

పైనుంచి దూకడం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. స్నానం చేయాలంటే నీళ్లు పారే చోట, మోకాలి లోతులో, కూర్చుని చెంబుతో పోసుకోండి. ఎవరైనా మునుగుతుంటే వెనకే దిగకండి. కర్ర, తువ్వాలు, ముడివేసిన చీర, ఏది అందితే అది అందించండి.

11. కోతులు, తేనెటీగలు, పాములు, దురదగొండి

కోతి ఎదురైతే పళ్లు కనపడేలా నవ్వకండి, కళ్లలోకి చూడకండి. లాక్కున్నది వదిలేయండి. కరిచినా గీరినా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోండి.

కొండ చరియలకు పెద్ద తేనెపట్లు ఉంటాయి. దాని కింద కూర్చోవద్దు, పొగ వద్దు, సెంటు వద్దు, కేకలు వద్దు. లేచాయంటే తువ్వాలు ముఖానికి కప్పుకుని ఆగకుండా వేగంగా దూరం వెళ్లిపోండి, గుండంలోకి దూకకండి. ముళ్లు గోరుతో గీకి వెంటనే తీసేయండి.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ చేయకండి. ఉంగరాలు, వాచీ తీసేసి, కరిచిన కాలు కదలకుండా కర్రకు వదులుగా కట్టి, నడిపించకుండా మోసుకొచ్చి 108కి ఫోన్ చేయండి. కరిచిన టైమ్ రాసుకోండి.

జనవరి, ఫిబ్రవరిలో దురదగొండి కాయలు ఎండుతాయి. ఆ నూగు తగిలితే గోకొద్దు. అంటుకునే టేపు ఒత్తి లాగితే నూగు వస్తుంది, తర్వాత సబ్బుతో కడగండి. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

12. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సరిచేసుకునే తీరు

*రాత్రి కబుర్లతో రెండింటికి పడుకోవడం.* తెల్లవారి ఎనిమిదికి లేస్తే ఆ రోజు నడక మానేయండి. గుడి దగ్గర, ఆదిలక్ష్మి అమ్మవారి గుడి వైపు తిరిగి రండి. 9:30 నియమాన్ని 11:30కి జరపడం మాత్రం వద్దు.

*ఒకరు అలిసిపోతే "ఇక్కడే కూర్చో, వచ్చేస్తాం" అనడం.* ఒక్కరినీ వదలకండి. ఆగితే అందరూ ఆగాలి, లేదా ఇద్దరు తోడుగా వెనక్కి రావాలి.

*దారి తప్పడం.* పక్క వాగు కలిసే ప్రతి చోటా వెనక్కి తిరిగి ఒకసారి చూడండి, ఫొటో తీయండి. తిరుగు దారి అలాగే కనపడుతుంది. తప్పామనిపిస్తే చివరగా గుర్తుపట్టిన చోటికే వెళ్లండి, అడ్డదారి వెతక్కండి.

*దాహం వేసేదాకా నీళ్లు తాగకపోవడం.* ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు. తలనొప్పి, కండరాలు పట్టేయడం మొదలైతే నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ ఇచ్చి, అక్కడి నుంచే వెనక్కి.

13. తిరిగొచ్చాక

ముందు ఇంటికి ఫోన్, గది ఇచ్చినవాళ్లకు ఒక మాట. స్నానం చేసేటప్పుడు చంకలు, మోకాలి వెనక, చెవుల వెనక పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. నూనె, నిప్పు వద్దు. తర్వాతి రోజుల్లో జ్వరం వస్తే అడవికి వెళ్లొచ్చిన సంగతి డాక్టర్‌కు చెప్పండి.

వెంటనే బండి నడపకండి. తిని, గంటన్నర పడుకుని బయలుదేరండి. రెండు దాకా గది ఉంచుకోమన్నది ఇందుకు కూడా.

14. ప్రకాశం వైపు వాళ్లకు భైరవకోన

కనిగిరి, పామూరు వైపు ఉన్నవాళ్లకు సి.ఎస్.పురం దగ్గరి భైరవకోన దగ్గర. కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలు, వాటి పక్కనే జలపాతం. ఇక్కడ నీళ్లు చూడటానికి అంత నడక అక్కర్లేదు కాబట్టి పెద్దవాళ్లకు, పిల్లలకు ఇదే నయం. బండలు, గుండాలు, వాన గుర్తుల గురించి పైన చెప్పినవన్నీ ఇక్కడా వర్తిస్తాయి. కార్తీక పౌర్ణమి నాడు చంద్రకాంతి అమ్మవారి మీద పడే వేళ కోసం జనం కిక్కిరిసి ఉంటారు, పైగా అది వానల కాలం. ఆ రోజు దర్శనం మాత్రం చేసుకుని, వాగులో నడక జనవరికి పెట్టుకోండి.